లాస్ వేగాస్‌లో బ్లాక్‌జాక్ లెక్క: కొత్తగా అమెరికా వెళ్ళిన మన బెంగళూరు కుర్రవాని ప్రశ్న, జవాబులు

లాస్ ఏంజెలెస్ నుంచి ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. మా ఇల్లు మారతహళ్ళిలో ఉంది. అమ్మానాన్నలు చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. ఉద్యోగరీత్యా నేను ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌కు వచ్చాను. నవంబరు చివర్లో థాంక్స్ గివింగ్ సెలవులకు ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్న స్నేహితులం నలుగురం కారులో లాస్ వేగాస్ వెళ్ళాలనుకుంటున్నాం. మూడు నెలలుగా నేను బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కపెట్టే హై-లో పద్ధతిని సాధన చేస్తున్నాను. కాసినో తరఫున డీలరు పంచే ముక్కల మొత్తం 21 దాటకుండా, డీలరు కంటె ఎక్కువ తెచ్చుకోవడమే ఈ ఆట. పడిన ముక్కలను బట్టి పెద్ద ముక్కలు ఎక్కువగా మిగిలాయని తెలిసినప్పుడు పందెం పెంచడం ఈ పద్ధతి. 52 ముక్కల కట్టను 30 సెకన్లలో తప్పు లేకుండా లెక్కించగలుగుతున్నాను. నా దగ్గర 3,000 డాలర్లు ఉన్నాయి. మూడు రోజుల్లో ఇరవై గంటలు ఆడితే కనీసం ప్రయాణం, హోటలు ఖర్చులు రాబట్టుకోవచ్చునని నా అంచనా. ఇలా లెక్కపెట్టడం నేరమా, ఇంకా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు. ఇంట్లో ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

జయనగర్ నుంచి జవాబు

మీరు అడిగిన విషయంలో నాకు కొంత అనుభవం ఉంది కనుక వివరంగానే రాస్తాను. 2011లో కంపెనీ పని మీద ఏడాదిన్నర శాన్ హోసేలో ఉన్నప్పుడు నేనూ ఈ లెక్కే నేర్చుకొని, మూడు విడతలుగా లాస్ వేగాస్ వెళ్ళి ఆడాను. మాది హిందూపురం. సంక్రాంతి సెలవుల్లో పెదనాన్నల పక్కన కూర్చుని రమ్మీ చూస్తూ, ఎవరు ఏ ముక్క దించారో, ఎవరు ఏది ఎత్తుకున్నారో గుర్తుపెట్టుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆటగా తేల్చినప్పుడు, పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవలసి రావడాన్ని కూడా ఒక కారణంగా చూపింది. కాబట్టి పడిన ముక్కలను బట్టి మిగిలిన కట్టలో ఏముందో అంచనా వేయడం మనవాళ్ళకు కొత్త విద్య కాదు. అయితే రమ్మీలో ఎదుటివాడు మన పెదనాన్న. అక్కడ ఎదుట ఉన్నది నియమాలను తానే రాసుకున్న సంస్థ. నేను అది అర్థం చేసుకోవడానికి రెండు ప్రయాణాలు పట్టింది.

ముందు నేరం సంగతి. తలలో లెక్కపెట్టుకుంటూ ఆడడం నెవాడా రాష్ట్రంలో నేరం కాదు. ఫోను గాని, చేతి గడియారం గాని, మరే పరికరం గాని లెక్కకు సాయంగా వాడితే మాత్రం అది అక్కడి చట్టం ప్రకారం తీవ్రమైన నేరం అవుతుంది. జైలుశిక్ష పడవచ్చు, వీసా మీద ఉన్నవారికి ఆ తరువాత వచ్చే చిక్కులు అంతకంటె పెద్దవి. మీరు సాధన కోసం ఫోనులో ఏదైనా ఆప్ పెట్టుకొని ఉంటే, కాసినోలోకి అడుగుపెట్టే ముందు దాన్ని తీసివేయండి, బల్ల దగ్గర ఫోను జేబులోంచి బయటికి తీయనే తీయకండి. వయసు 21 నిండి ఉండాలి. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

నేరం కాకపోయినా, నెవాడాలో యాజమాన్యానికి మిమ్మల్ని ఆడనివ్వకుండా చేసే అధికారం ఉంది. న్యూజెర్సీలో ఇది వేరు: కెన్ ఉస్టన్ అనే ఆటగాడు వేసిన కేసులో 1982లో అక్కడి సుప్రీంకోర్టు, లెక్కపెడుతున్నాడన్న కారణంతో కాసినో తనంతట తాను ఎవరినీ బయటికి పంపరాదని తీర్పు చెప్పింది. మీరు వెళ్ళేది నెవాడాకు కనుక ఆ తీర్పు మీకు పనికిరాదు. నా రెండవ ప్రయాణంలో మూడవ రోజు రాత్రి, పందెం 15 నుంచి 120కి పెంచిన రెండవసారే, చక్కగా సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి నా భుజం పక్కన నిలబడి, ఇకమీదట మా దగ్గర బ్లాక్‌జాక్ తప్ప మిగిలిన ఆటలు ఏవైనా ఆడుకోవచ్చునని ఎంతో మర్యాదగా చెప్పాడు. నేను వాదించలేదు, చిప్స్ (పందెపు బిళ్ళలు) నగదుగా మార్చుకొని వచ్చేశాను. మీకూ అదే సలహా ఇస్తున్నాను. ఆవరణలోకి మళ్ళీ రావద్దని స్పష్టంగా చెప్పిన తరువాత వెళితే అది అక్రమ ప్రవేశం అవుతుంది, అప్పుడు పోలీసులు వస్తారు.

ఇక బల్ల ఎంపిక. మీరు కట్టను 30 సెకన్లలో లెక్కించగలగడం మెచ్చుకోదగ్గదే గాని, బల్ల మీది వస్త్రంపై రాసి ఉన్న ఒక్క వాక్యాన్ని చదవకపోతే ఆ మూడు నెలల శ్రమ మొదటి గంటలోనే వృథా అవుతుంది. ఆసుతో పాటు పది విలువ గల ముక్క వస్తే ఎంత చెల్లిస్తారన్నది అక్కడ రాసి ఉంటుంది. పాత పద్ధతిలో 2కు 3, అంటే 15 డాలర్లకు 22.50. ఇప్పుడు స్ట్రిప్‌లో (పెద్ద కాసినోలు ఉన్న వీధిలో) తక్కువ పందెపు బల్లల మీద ఎక్కువగా కనిపించేది 5కు 6, అంటే అదే 15కు 18 డాలర్లు. చూడడానికి నాలుగున్నర డాలర్ల తేడాయే. కాని అటువంటి చేయి (ఒక పంపకంలో మనకు వచ్చే ముక్కలు) సగటున 21 చేతులకు ఒకసారి వస్తుంది, గంటకు 75 చేతులు పడతాయి, కాబట్టి కనీస పందెం మీదనే గంటకు దాదాపు 15 డాలర్లు అదనంగా పోతాయి. సరైన వ్యూహంతో ఆడేవాడి మీద కాసినోకు ఉండే ఆధిక్యం మామూలుగా అర శాతం చుట్టూ ఉంటే, ఈ ఒక్క మార్పు దానికి ఇంచుమించు 1.4 శాతం చేరుస్తుంది. 5కు 6 అని రాసి ఉన్న బల్ల దగ్గర కూర్చోకండి, ఎంత ఖాళీగా ఉన్నా, డీలరు ఎంత ఆప్యాయంగా పలకరించినా. ముక్కలను ఎప్పటికప్పుడు యంత్రంలోకి తిరిగి వేసి కలిపే బల్లలూ మనకు పనికిరావు. అక్కడ లెక్కకు అర్థమే లేదు. ఆరు కట్టల షూ (ముక్కలు పెట్టి పంచే పెట్టె) అయితే, ఎక్కడ పంపకం ఆపి మళ్ళీ కలపాలో చూపే కోతముక్కను డీలరు ఎక్కడ పెడుతున్నాడో ఒక షూ సేపు నిలబడి చూడండి. వెనక కట్టన్నర వదిలితే కూర్చోవచ్చు. రెండు కట్టలకు పైగా వదిలేస్తుంటే వేరే చోటు వెతుక్కోండి. సెలవు రోజుల్లో కనీస పందేలు పెంచుతారు కనుక మీరు వెళ్ళే వారంలో 15 డాలర్లకు మంచి బల్ల దొరకడం కష్టమే.

లెక్క మీకు వచ్చునన్నారు కనుక క్లుప్తంగా: రెండు నుంచి ఆరు వరకు ముక్క పడితే ఒకటి కలపడం, పది, బొమ్మలు, ఆసు పడితే ఒకటి తీసివేయడం, ఏడు ఎనిమిది తొమ్మిదిని వదిలేయడం. వచ్చిన మొత్తాన్ని మిగిలిన కట్టలతో భాగించడం చాలామంది కొత్తవారు మరచిపోతారు. మొత్తం ఎనిమిది వచ్చినప్పుడు ఇంకా నాలుగు కట్టలు ఉంటే దాని బలం రెండే; రెండు కట్టలే ఉంటే నాలుగు. ఆ బలంలో ఒక్కొక్క మెట్టుకు మన వైపు దాదాపు అర శాతం మొగ్గు వస్తుంది, అందులో మొదటి మెట్టు కాసినో ఆధిక్యాన్ని చెరపడానికే సరిపోతుంది. పెద్ద ముక్కలు మిగిలి ఉన్నప్పుడు డీలరుకూ మంచి ముక్కలే వస్తాయి కదా అని మీ స్నేహితులు అడుగుతారు. వస్తాయి, కాని ఆసు-పది పడితే మనకు ఒకటిన్నర రెట్లు చెల్లిస్తారు, డీలరుకు పడితే మన పందెం మాత్రమే పోతుంది, పైగా మనం పదమూడు దగ్గర ఆగిపోవచ్చు, డీలరు పదిహేడు వచ్చేదాకా తీసుకోక తప్పదు, పెద్ద ముక్క పడితే 21 దాటి చేయి పగిలిపోతుంది.

ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితవేత్త ఐబీఎం 704 కంప్యూటరు మీద లెక్కలు వేయించి, ఈ ఆటను గెలవవచ్చునని 1962లో లోకానికి చాటాడు. ఆ గణితంలో తప్పు లేదు. తప్పంతా మన వంటివాళ్ళం దాన్ని మూడు రోజుల సెలవుకు అన్వయించడంలో ఉంది. మీ సంఖ్యలతోనే చూద్దాం. లెక్కను బట్టి 15 నుంచి 150 డాలర్ల వరకు పందెం మారుస్తారనుకోండి. సగటు పందెం 30, సగటు మొగ్గు ఒక శాతం, గంటకు 75 చేతులు అనుకుంటే గంటకు ఆశించదగిన లాభం 22 డాలర్ల చుట్టూ ఉంటుంది. అదే గంటలో ఎత్తుపల్లాలు మాత్రం 450 డాలర్ల వరకు మామూలుగా వస్తాయి. ఇరవై గంటలకు లాభం 440, ఎత్తుపల్లం 2,000. అంటే ఒక్క పొరపాటు కూడా చేయకుండా ఆడినా, పది ప్రయాణాల్లో నాలుగు నష్టంతో ముగుస్తాయి. లాభం ఎత్తుపల్లాన్ని అందుకోవడానికి నాలుగు వందల గంటలకు పైగా పడుతుంది. ఈ పద్ధతిలో 3,000 డాలర్లతో ఆడుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అంతా పోగొట్టుకునే అవకాశం సగానికి కొద్దిగా పైనే ఉంది. దాన్ని ఇరవైలో ఒక వంతుకు తగ్గించాలంటే చేతిలో దాదాపు 14,000 ఉండాలి.

నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు రథం మీద పోతూనే తాండ్ర చెట్టు ఆకులనూ కాయలనూ లెక్కచెప్పి, ఆ విద్యను నలుడికి ఇచ్చాడు. ఆ తరువాత నలుడు పుష్కరుడిని ఒక్క పందెంతోనే ఓడించి రాజ్యం తిరిగి తీసుకున్నాడు. చిన్నప్పుడు ఆ కథ విన్న ప్రభావమో ఏమో, లెక్క వచ్చినవాడికి ఆ రాత్రే గెలుపు వస్తుందని నేను చాలాకాలం లోపల నమ్మాను. మొదటి ప్రయాణంలో 1,100 డాలర్లు గెలవడం ఆ నమ్మకాన్ని పెంచింది. తరువాతి రెండింటిలో 3,000 పోయాయి. మొత్తం కలిపి 52 గంటలు ఆడి 1,900 నష్టపోయాను. నా నోటుపుస్తకంలో ప్రతి గంటా రాసి ఉంది, నా లెక్క తప్పిన చేతులు చాలా కొద్ది. 52 గంటలలో అంత నష్టం రావడం గణితానికి విరుద్ధం కాదని ఇంటికి వచ్చి కాగితం మీద వేసుకున్నాకే నాకు తెలిసింది. అది బయలుదేరే ముందు వేసుకోవలసిన లెక్క.

మల్లేశ్వరం నుంచి జవాబు

అన్నగారు ఆట సంగతి చెప్పారు కనుక నేను పన్ను సంగతి మాత్రం చెబుతాను. ఆడిటరుగా నా పని అదే. మీరు ఆగస్టులో వెళ్ళారు కాబట్టి ఈ సంవత్సరం అమెరికా పన్ను చట్టం దృష్టిలో మీరు నివాసి అవుతారో కారో రోజుల లెక్కను బట్టి ముందు తేల్చుకోండి. నివాసి కానివారికి బ్లాక్‌జాక్ గెలుపు మీద అక్కడ పన్ను మినహాయింపు ఉంది. స్లాట్ యంత్రాల గెలుపుకు ఆ మినహాయింపు లేదు. నివాసి అయితే గెలుపు అంతా చూపాలి, నష్టాలను తగ్గించుకోవడానికి పరిమితులు ఉన్నాయి, 2026 నుంచి నష్టాల్లో 90 శాతమే పరిగణిస్తారు. అందుచేత రోజువారీ చిట్టా రాసి పెట్టుకోవడం మంచిది. ఒక రోజులో 10,000 డాలర్లకు మించి నగదు మారితే కాసినో ప్రభుత్వానికి తెలియజేస్తుంది. దానిలో భయపడవలసింది ఏమీ లేదు. ఆ నివేదిక తప్పించుకోవడానికి సొమ్మును ముక్కలు చేసి మార్చుకోవడం మాత్రం నేరం. స్నేహితులు తెలివితేటలుగా సలహా ఇచ్చినా ఆ పని చేయకండి.

లాస్ ఏంజెలెస్ నుంచి మళ్ళీ

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం. 14,000 ఉండాలన్నారు కనుక, మేము నలుగురం తలా 3,000 వేసుకుంటే 12,000 అవుతుంది. నేను ఒక్కణ్ణే లెక్కపెట్టి ఆడతాను, లాభనష్టాలు సమానంగా పంచుకుంటాం. ఇది సబబేనా?

జయనగర్ నుంచి జవాబు

సొమ్ము కలిపి ఆడడం నేరం కాదు. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం విద్యార్థుల బృందాలు ఏళ్ళ తరబడి అలాగే ఆడాయి. 12,000 మీద 15 నుంచి 150 పందెం పెడితే అంతా పోయే అవకాశం ఏడు శాతానికి దిగుతుంది, అంతవరకు మీ ఆలోచన సరైనదే. కాని ఆ ఇరవై గంటల లాభం 440 మారలేదు. నలుగురికీ పంచితే తలకు 110 డాలర్లు. దాని కోసం ప్రతి ఒక్కరూ 500 డాలర్లు పోయినా మామూలే అనుకోగలగాలి, అంతకు రెండింతలు పోవడం అరుదే గాని అసాధ్యం కాదు. మీరు ఒక్కరే బల్ల దగ్గర ఉండి, మిగిలిన ముగ్గురికీ లెక్క రాకపోతే, పోయిన సొమ్ము ఎత్తుపల్లం వల్ల పోయిందో మీ పొరపాటు వల్ల పోయిందో వారికి ఎలా తెలుస్తుంది? ఆ బృందాల్లో ఎవరినైనా బల్లకు పంపే ముందు కఠినంగా పరీక్షించేవారు, ప్రతి పైసాకు లెక్క రాసేవారు. మీరు నలుగురూ ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్నవారు. ఆ ఊళ్ళో మీకు జ్వరం వస్తే కంచంలో అన్నం పెట్టేది వాళ్ళే. వారి సొమ్ము తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

వెళ్ళడం మానుకోమని నేను అనడం లేదు. హోటలు గదికి, పెట్రోలుకు ముందే పక్కన పెట్టండి. పోయినా బాధ లేని 300 డాలర్లు మాత్రం బల్లకు కేటాయించి, 2కు 3 చెల్లించే బల్ల దొరికితే కనీస పందెం మార్చకుండా ఆడుతూ, లెక్కను మాత్రం మనసులో నడిపించండి. శబ్దం, పొగ, పక్కవాడి మాటలు, డీలరు వేగం వీటి మధ్య మీ లెక్క నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. ఆ 300 అయిపోతే లేచి రండి. నాన్నగారికి ప్రయాణం సంగతి బయలుదేరేముందే చెప్పండి. ఎడారి దారిలో అయిదు గంటలు కారు నడుపుతున్నారని ఇంట్లో తెలిసి ఉండాలి.

ఈలోగా ఒక పని చేద్దాం. వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదికి, అంటే మీకు శనివారం సాయంత్రం ఆరున్నరకు, వీడియోలోకి రండి. మా అమ్మాయి ఆరు కట్టలు కలిపి పంచుతుంది, నేను మధ్యమధ్య మీ ఉద్యోగం గురించి, తిండి గురించి ప్రశ్నలు అడుగుతూ ఉంటాను. జవాబులు చెబుతూనే షూ చివరిదాకా లెక్క నిలబెట్టుకోగలరేమో చూద్దాం. కాగితం, కలం దగ్గర పెట్టుకోకండి.