విట్‌హార్న్ మ్యూజియంకి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా?

నందిపాడు_గ్లాస్గో:
అందరికీ నమస్కారం. మేం గ్లాస్గోలో ఉంటాం. అమ్మానాన్న ఊరి నుంచి వచ్చి నెలయింది, ఇంకో మూడు వారాలుంటారు. అమ్మకి 66. ప్రతి ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కి వచ్చేది, రెండేళ్ళుగా మోకాళ్ళ వల్ల కింది నుంచే దణ్ణం పెట్టుకుని వస్తోంది. ఇక్కడికొచ్చినప్పటి నుంచి "ఈ దేశంలో గుణదల లాంటిది లేదా నాన్నా" అని అడుగుతోంది. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఎక్కడ శాసనం కనపడినా అక్కడే ఆగిపోతారు.

ఇద్దరికీ సరిపోయేలా స్కాట్లాండ్ దక్షిణాన ఉన్న విట్‌హార్న్ కనిపించింది. తొలినాటి క్రైస్తవ బోధకుడు సెయింట్ నినియన్ పేరుతో వందల ఏళ్ళు యాత్రలు జరిగిన ఊరట, తొలినాటి క్రైస్తవ రాళ్ళతో మ్యూజియం ఉందట. కానీ రానూపోనూ కారులోనే ఐదు గంటలు. ఆఫీసులో ఒకాయన "చిన్న హాలు, నిండా రాళ్ళు, పావుగంటలో అయిపోతుంది" అన్నాడు. అంత దూరం తిప్పి, వాళ్ళు ఉసూరుమంటే ఎలా అని టెన్షన్. చూసినవాళ్ళు చెప్పండి. సముద్రం ఒడ్డున నినియన్ పేరుతో గుహ ఉందంటున్నారు, అమ్మ అక్కడిదాకా నడవగలదా?

క్లైడ్_ఒడ్డున:
మీ ఆఫీసాయన చెప్పింది నిజమేనండీ. మేం పిల్లలతో వెళ్ళాం, ఇరవై నిమిషాల్లో బయటికొచ్చేశాం. పెద్దవాళ్ళని అంత దూరం కూర్చోబెట్టే బదులు గ్లాస్గో కెథీడ్రల్‌కే తీసుకెళ్ళండి. కింది భాగంలో సెయింట్ మంగో సమాధి ఉంది. కాస్త మెట్లు దిగాలి, అంతే.

సంధ్య_గ్యాలోవే:
తమ్ముడూ, నేను విట్‌హార్న్‌కి గంట దూరంలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను, కేర్ హోంలో పని. ఆ మ్యూజియంకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. మొదటిసారి నేనూ పావుగంటలోనే వచ్చేశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, తీసుకెళ్ళండి. అన్ని రాళ్ళూ చూడాలని తిరగకుండా ఒక్క రాయి దగ్గర పది నిమిషాలు ఆగండి.

దాని పేరు లాటినస్ రాయి. క్రీ.శ. 450 ప్రాంతంలోది. స్కాట్లాండ్‌లో ఇప్పటిదాకా దొరికిన క్రైస్తవ శాసనాల్లో అన్నిటికన్నా పాతది. చూపుకి ఏమీ ఉండదు. గరుకు రాయి, వంకరటింకర లాటిన్ అక్షరాలు, పన్నెండు వరసలు. చోటు చాలక చివరి పేరు రెండు ముక్కలైంది, "బరోవా" ఒక వరసలో, "ది" ఒక్కటే కింద. ఇంకోటి, మాస్టారికి చెప్పకండి, ఆయన్నే పట్టుకోనివ్వండి. "చేశారు" అన్న మాట "ఫెకెరుంట్" అని ఉండాలి. చెక్కినవాడు చివరి రెండక్షరాలు తారుమారు చేశాడు. ఎన్, టీ ఉండాల్సిన చోట టీ, ఎన్ అని ఉంటాయి. పదిహేను వందల ఏళ్ళ కిందట ఉలి పట్టుకున్న మనిషి చెయ్యి తడబడిన చోటు అది. అది కనపడిన రోజు నుంచి నాకు అది రాయిలా అనిపించడం మానేసింది.

దాని మీద రాసింది ఇంతే: ప్రభువా, నిన్ను స్తుతిస్తున్నాం, లాటినస్, 35 ఏళ్ళు, అతని కూతురు, నాలుగేళ్ళు, ఇక్కడ దీన్ని చేశారు, బరోవాదుస్ వంశం వాడు. "దీన్ని" అన్నది ఏమిటి, గుర్తా, గుడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నేను ఆగిపోయేది అక్కడ కాదు. వంశంలో పెద్దాయన పేరుంది, తండ్రి పేరుంది, పాప పేరు లేదు. వయసు ఉంది. అంత గరుకు రాతి మీద ఒక్కో గీతకీ ఎంత కష్టమో ఆలోచించండి, అయినా ఆ పిల్లకి ఎన్నేళ్ళో చెక్కించారు. మా దగ్గరున్న ముసలమ్మలు కొందరు అన్నీ మర్చిపోయినా, పోయిన బిడ్డ వయసు మాత్రం తప్పు చెప్పరు.

మాస్టారికి ఇంకో సంగతి. నినియన్ గురించి మనకి తొలిసారి రాసింది బీడ్ అనే సన్యాసి, క్రీ.శ. 731లో. నినియన్ ఇక్కడ రాతితో చర్చి కట్టాడని, అది బ్రిటన్‌వాళ్ళకి అలవాటులేని పనని, దాన్ని "కాండిడా కాసా", అంటే తెల్ల ఇల్లు అనేవారని రాశాడు. విట్‌హార్న్ అన్న పేరుకి పాత ఇంగ్లీషులో అర్థం కూడా అదే. కానీ లాటినస్ రాతి మీద నినియన్ పేరు లేదు. రాయి చెప్పేది ఒకటి, రాత చెప్పేది ఒకటి, మధ్యలో మూడొందల ఏళ్ళ దూరం. 1984 నుంచి 1991 దాకా ఊళ్ళో తవ్వినప్పుడు మధ్యధరా నుంచి వచ్చిన జాడీల పెంకులు, గాజు గ్లాసుల ముక్కలు దొరికాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రోమన్ జాడీలు దొరికాయని పాఠం చెప్పే ఉంటారుగా, అలాగన్నమాట. ఈ మూలకి కూడా ఓడలొచ్చేవి.

మిగతావి నెమ్మదిగా చూడండి. పీటర్ రాయి ఒకప్పుడు రోడ్డు పక్కన నిలబడి ఉండేది, "ఇది అపొస్తలుడైన పేతురు చోటు" అని దాని మీద ఉంది. గుండ్రటి తలల శిలువలు పదో, పదకొండో శతాబ్దాలవి, ఈ చుట్టుపక్కల చెక్కినవే.

అమ్మగారికి మాత్రం స్కాట్లాండ్ రాజుల సంగతి చెప్పండి. రాబర్ట్ ద బ్రూస్ 1329లో, పోవడానికి కొన్ని నెలల ముందు, ఒంట్లో బాగోకపోయినా ఇక్కడికొచ్చాడు. నాలుగో జేమ్స్ 1507లో రాణికి జబ్బు చేస్తే ఎడింబరో నుంచి నడిచి వచ్చాడు. దారిలో రాజుగారి బూట్లకి కొత్త అడుగులు వేయించిన ఖర్చు ఖజానా లెక్కల్లో ఉంది. మొక్కుకుని నడిచేవాళ్ళ బాధ ఆవిడకి తెలుసు, ఇంకేం వివరించక్కర్లేదు. 1581లో పార్లమెంటు చట్టం చేసి యాత్రలు నిషేధించింది.

గుహ వద్దు తమ్ముడూ. కారు ఆపిన చోటు నుంచి అడవి లోయలో మైలు నడక, ఆ తర్వాత గులకరాళ్ళ ఒడ్డు. మోకాళ్ళకి ఆ గులకరాళ్ళే కష్టం. గుహలో దొరికిన చెక్కుడు రాళ్ళు కొన్ని మ్యూజియంలోనే ఉన్నాయి కాబట్టి పోయేదేం లేదు. దానికి బదులు ఐల్ ఆఫ్ విట్‌హార్న్‌కి వెళ్ళండి. పేరుకి దీవి, ఇప్పుడు నేలతో కలిసిపోయింది. సముద్రం మీద వచ్చే యాత్రికుల కోసం 1300 ప్రాంతంలో కట్టిన చిన్న చాపెల్ అక్కడ కప్పు లేకుండా నిలబడి ఉంది. కొంచెం గడ్డి మీద నడక, అంతే. పక్కనే వచ్చినవాళ్ళు తలా ఒక రాయి పెట్టే గుట్ట ఉంది. అమ్మగారి చేత ఒకటి పెట్టించండి.

మాచర్స్_డ్రైవర్:
గిర్వన్ దాటాక ఏ714 మీద ఒంపులు ఎక్కువ, అమ్మగారికి కారు పడకపోతే ముందు సీట్లో కూర్చోబెట్టండి. విగ్‌టన్‌లో ఆగండి, అది పుస్తకాల ఊరు, నాన్నగారిని అక్కణ్నుంచి బయల్దేరదీయడమే కష్టం. మ్యూజియం చలికాలంలో మూసేస్తారు, మిగతా రోజుల్లో కూడా తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి.

నందిపాడు_గ్లాస్గో:
శనివారం వెళ్ళొచ్చాం. సంధ్యక్కా, మీరు చెప్పినట్టే ముందు ఏమీ చెప్పలేదు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, నోట్‌బుక్‌లో పన్నెండు వరసలూ ఎత్తి రాసుకున్నారు. తొమ్మిదో వరస దగ్గర ఆగి, "ఒరేయ్, వీడు తప్పు చెక్కాడు" అని నా చెయ్యి పట్టుకు లాగారు. స్కూల్లో పిల్లల కాపీలు దిద్దినప్పటి గొంతే.

ఆయన తెలుగులో చదివి చెబుతుంటే అమ్మ అంతా విని, "పాప పేరేంటండీ?" అంది. రాయలేదు అన్నారు. ఇంకేం అనలేదు అమ్మ. చాపెల్ దగ్గర గాలికి చీర కొంగు నిలవలేదు, అయినా గుట్ట దాకా నడిచి రాయి పెట్టింది. రాత్రి ఇంటికొచ్చాక ప్రార్థనలో ఎప్పట్లాగే మా పిల్లల పేర్లు, అక్క పిల్లల పేర్లు వరసగా చెప్పి, చివర "లాటినస్ గారమ్మాయి" అంది.

నాన్న ఇప్పుడు కిర్క్‌మాడ్రిన్‌లోని తొలినాటి క్రైస్తవ రాళ్ళు కూడా చూడాలంటున్నారు. అక్కా, అక్కడ తలుపు దాకా కారు వెళ్తుందా?