లోతు సముద్రపు సెస్మిక్‌లో మెరిసే పొర గ్యాసేనా?

ప్రశ్న: జియోఫిజిక్స్ ప్రాజెక్టు కోసం కృష్ణా–గోదావరి బేసిన్ 3డి సెస్మిక్ డేటా (భూమి పొరల నుంచి తిరిగొచ్చే ధ్వని ప్రతిధ్వనుల రికార్డు) చూస్తున్నాను. నీటి లోతు 1,500 మీటర్లు, ధ్వని వెళ్లి తిరిగొచ్చే సమయంలో చూస్తే సముద్రపు అడుగు 2 సెకన్ల వద్ద ఉంది. 2.2 సెకన్ల వద్ద ఒకటి, 3.1 వద్ద మరొకటి చాలా బలమైన పరావర్తనాలు కనిపిస్తున్నాయి. రెండింటినీ గ్యాస్ ఇసుక అని రాయవచ్చా అండీ?

జవాబు: అప్పుడే రాయకండి. పైదాన్ని ముందు చూడండి. అది సముద్రపు అడుగుకు సమాంతరంగా సాగుతూ, ఒండ్రు పొరలను అడ్డంగా కోస్తోందా? అయితే అది మీథేన్ హైడ్రేట్ (మీథేన్ చిక్కుకున్న మంచులాంటి పదార్థం) నిలిచి ఉండగల మండలపు కింది అంచు కావచ్చు. ఈ బేసిన్‌లో హైడ్రేట్లు ఉన్న మాట నిజం. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ నౌక ఇక్కడ తవ్వినప్పుడు, పగుళ్లున్న బంకమట్టిలో సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ దొరికింది.

రెండోది ఆశ కలిగించేదే. సముద్రపు అడుగు నుంచి వచ్చే మొదటి మల్టిపుల్ (నీటిలో రెండోసారి తిరిగొచ్చిన ప్రతిధ్వని) 4 సెకన్ల వద్ద పడుతుంది కనుక ఇది అది కాదు. పొర పైభాగపు పోలారిటీ (తరంగం శిఖరమా, లోయా అన్నది) సముద్రపు అడుగుకు వ్యతిరేకంగా ఉందో లేదో చూడండి. తర్వాత డెప్త్ మ్యాపు మీద ఆంప్లిట్యూడ్ (పరావర్తన బలం) పరచండి. మెరుపు ఒకే కాంటూరు (సమాన లోతు గీత) దగ్గర తెగిపోతే, అక్కడే అడుగున చదునైన గీత కనిపిస్తే, గ్యాస్–నీటి సరిహద్దు అనుకోవడానికి గట్టి ఆధారం. నేనైతే అన్నిటికన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను. పలుచని పొర కూడా ఉత్తినే మెరుస్తుంది: వేగం సెకనుకు 2,000 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 40 హెర్ట్జ్ అయితే 12.5 మీటర్ల మందం వద్ద ఈ ప్రభావం పతాక స్థాయికి చేరుతుంది.

ప్రశ్న: మెరుపు కాంటూరు వెంటే తెగుతోంది. దూరపు ఆఫ్‌సెట్లలో (ధ్వని మూలానికి, రిసీవరుకు మధ్య దూరం ఎక్కువైన చోట) ఇంకా బలపడుతోంది. ఇక నిక్షేపం ఖాయమేనా?

జవాబు: గ్యాస్ ఉండే అవకాశం బాగా పెరిగింది, అంతవరకే రాయండి. ఎంత ఉందో ఇది చెప్పదు. ఇసుక రంధ్రాల్లో కొద్ది శాతం గ్యాస్ చేరినా పి–తరంగ (ధ్వనిలాంటి సంపీడన తరంగం) వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పైన ఎంత పెరిగినా పెద్దగా మారదు. అందుకే ఉత్పత్తికి పనికిరాని కొద్దిపాటి గ్యాస్ కూడా ఇలాగే మెరుస్తుంది. బావులు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. సాంద్రత మాత్రం గ్యాస్ శాతాన్ని బట్టి క్రమంగా తగ్గుతుంది. దాన్ని రాబట్టాలంటే దూరపు కోణాల డేటా శుభ్రంగా ఉండాలి.

మరో సభ్యురాలు: ఆ ప్రాంతంలో విద్యుదయస్కాంత సర్వే జరిగిందేమో కనుక్కోండి. గ్యాస్ దండిగా ఉంటే విద్యుత్ నిరోధం స్పష్టంగా పెరుగుతుంది, కొద్దిపాటి గ్యాస్‌తో అంతగా పెరగదు. అయితే హైడ్రేట్ కూడా నిరోధాన్ని పెంచుతుంది కనుక, మీ 2.2 సెకన్ల పొర ప్రభావాన్ని లెక్కలోంచి ముందే విడదీయండి.