రిటైరయ్యాక విశాఖలో స్థిరపడటం: మంచి ఆలోచనేనా, ఉత్త మోజేనా?

చోడవరం కుర్రాడు

పేరు చూసి మోసపోకండి, వచ్చే మార్చికి అరవై నిండుతాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, పెన్షన్ వస్తుంది. పుట్టింది చోడవరం, చదివింది ఆంధ్రా యూనివర్సిటీ, ఉద్యోగమంతా హైదరాబాద్. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్ ఉంది. అబ్బాయి బెంగళూరు, అమ్మాయి డాలస్. ఇద్దరిలో ఎవరూ హైదరాబాద్ వచ్చేలా లేరు.

ఫ్లాట్ అమ్మేసి మధురవాడలోనో పీఎం పాలెంలోనో ఒకటి కొనుక్కుని, శేషజీవితం విశాఖలో గడపాలని నా ఉద్దేశం. మా ఆవిడది భీమవరం. "సముద్రం చూడాలనుంటే ఏడాదికోసారి వెళ్లొద్దాం, దానికోసం కాపురం ఎత్తేయడం ఎందుకు?" అంటోంది. ఉన్నవాళ్లు, ఉండి వెళ్లిపోయినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

లాసన్స్ బే వాకర్

ఇందులో ఆలోచించడానికేముందండీ? వచ్చేయండి. పొద్దున్నే ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. కురుసుర సబ్‌మెరైన్ దాకా రోడ్డు మధ్యలో నడుచుకుంటూ వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో రోడ్డు మధ్యలో నడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మే నెలలో అక్కడ నలభై దాటుతుంటే ఇక్కడ ముప్పై అయిదు, ముప్పై ఆరు దగ్గర ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌కి వెళితే చందువా, వంజరం పడవ మీద నుంచి దిగినవి దిగినట్టే దొరుకుతాయి. పైగా సొంత మనుషులు, సొంత యాస. హైదరాబాద్‌లో ఇన్నేళ్లున్నా మీరు చోడవరం కుర్రాడనే పేరు పెట్టుకున్నారంటే మనసెక్కడుందో తెలుస్తూనే ఉంది.

ఉక్కునగరం రిటైర్డ్

వాకర్ గారు బీచ్ రోడ్డు చూపించి ఊరంతా ఇంతే అంటున్నారు. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. మా వైపు విశాఖ వేరు.

థర్మామీటర్ ముప్పై అయిదే చూపిస్తుంది, నిజమే. ఒంటి మీద చొక్కా మాత్రం స్నానం చేసిన పది నిమిషాలకే తడిసి ముద్దవుతుంది. ఆ ఉక్కపోత ఏప్రిల్‌లో మొదలైతే ఒక పట్టాన వదలదు. హైదరాబాద్ పొడి ఎండకి అలవాటైన ఒంటికి ఇది వేరే రకం శిక్ష. ఇక పోర్టు చుట్టుపక్కల, జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు బొగ్గు ధూళి గురించి అక్కడి ఆడవాళ్లని అడగండి, ఆరేసిన తెల్లబట్టలు ఏ రంగుకి వస్తాయో చెబుతారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీరిక్కడ లేరు. గంటకి 180 కిలోమీటర్ల గాలి. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి మీద పచ్చటి చెట్టు మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు, నీళ్లు, ఫోన్ ఏవీ లేవు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరి లీకై పన్నెండు మంది పోయారు. జనం నిద్రలోంచి లేచి ఎటు పరుగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. ఇవన్నీ తెలిసి వస్తే రండి. నేనైతే ఎక్కడికీ పోను, అది వేరే సంగతి.

లాసన్స్ బే వాకర్

హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో నగరంలో చాలా చోట్ల కరెంటు తీగల్ని భూమిలోకి దించారు కదండీ, అదీ చెప్పండి మరి. తుఫాను లేని తీరప్రాంతం ఎక్కడుంది? భయపడితే కాకినాడలోనూ ఉండలేం, మచిలీపట్నంలోనూ ఉండలేం.

ఉక్కునగరం రిటైర్డ్

భయపెట్టడం లేదు సార్. మా అమ్మాయి వాళ్లది బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే ఫ్లాట్. వాళ్ల ఏసీ బయటి యూనిట్‌కి వెనకాల ఉండే సన్నటి అల్యూమినియం రెక్కల్ని ఉప్పుగాలి తినేసింది, వేలితో ముట్టుకుంటే పొడిలా రాలాయి. బాల్కనీ గ్రిల్‌కి ఏటా రంగు వేయించాల్సిందే. తాళంకప్పలో కొబ్బరినూనె పొయ్యకపోతే తాళంచెవి తిరగదు. ఏడాదిలో సగం రోజులు అమెరికాలో కూతురి దగ్గర ఉండొచ్చేవాళ్లు సముద్రం ఎదురుగా ఇల్లు కొనడం అంత దండగ ఇంకోటి లేదు.

దస్తావేజు

నేను ఎన్నో ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నవాణ్ని. గాలి, ధూళి సంగతి మీరు చూసుకోండి. నేను కాగితాల గురించే చెబుతాను, ఎందుకంటే బయట ఊళ్ల నుంచి వచ్చే రిటైర్డ్ ఉద్యోగులే ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. చేతిలో ఒకేసారి డబ్బు పడుతుంది, తొందర ఉంటుంది, తెలిసినవాళ్లు పాతికేళ్ల కిందటివాళ్లు.

ఒకటి, సింహాచలం పంచగ్రామాలు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. అక్కడ ఇళ్లు, వీధులు, షాపులు అన్నీ ఉంటాయి, చూస్తే అనుమానమే రాదు. రిజిస్ట్రేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. "నోటరీ మీద నడుస్తుంది సార్, అందరూ అలాగే కొంటున్నారు" అని బ్రోకర్ అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

రెండు, మాజీ సైనికులకి, పేదలకి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములు. మధురవాడ, కొమ్మాది, ఆనందపురం, భీమిలి వైపు ఇవి చాలా ఉన్నాయి. మాజీ సైనికుల భూమి పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చన్న మాట నిజమే. దానికి కలెక్టర్ దగ్గర్నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం ఉండాలి. ఆ ఎన్ఓసీ అసలుదేనా అన్నది ఇంకో ప్రశ్న. 2017లో విశాఖ భూ కుంభకోణాల మీద ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది ఊరికే కాదు.

కాబట్టి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించడంతో పని అయిపోయిందనుకోవద్దు. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. కొత్త అపార్ట్‌మెంట్ అయితే రెరా (బిల్డర్ల ప్రాజెక్టుల్ని నమోదు చేసే సంస్థ) నంబరు, వీఎంఆర్‌డీఏ (పట్టణాభివృద్ధి సంస్థ) లేదా జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఆమోదించిన ప్లాన్ చూడండి. దస్తావేజులో మీకు రాసే అవిభాజ్య భూమి వాటా, అంటే అపార్ట్‌మెంట్ స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే భాగం, ఎన్ని గజాలో చదివించుకోండి. డేటా సెంటర్ వస్తోంది, భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోంది అని చెప్పి గజం మీద రేటు పెంచేవాళ్లు ఆ గజాల సంగతి మాత్రం చెప్పరు. గూగుల్ వాళ్లు అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, సంతోషం. అరవై ఏళ్లాయనకి దాంతో ఒరిగేదేమిటో నాకు అర్థం కాలేదు.

కొత్తవలస రైతు

సిటీలో ఎందుకండి బాబూ ఈ గొడవంతా? కొత్తవలస దాటి ఎస్.కోట వైపు రండి. మామిడితోటలు, మంచి గాలి, బోరు నీళ్లు. రైలెక్కితే విశాఖ ఎంతసేపు? మా ఊళ్లో రిటైరైన టీచర్లు ఇద్దరు ఆవుని కట్టుకుని హాయిగా ఉన్నారు. ఏటి తక్కువ వాళ్లకి?

ఆరిలోవ సిస్టర్

రైతు గారూ, పగలు రైలెక్కుతారు సరే. రాత్రి రెండింటికి గుండెనొప్పి వస్తే?

నేను హెల్త్ సిటీలో ఒక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో చేస్తాను. ఆసుపత్రుల విషయంలో విశాఖని తీసిపారేయక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రులు కేజీహెచ్, విమ్స్ ఉన్నాయి, గుండెకీ కిడ్నీలకీ ఆరిలోవ చుట్టూనే పెద్దాసుపత్రులున్నాయి, కళ్లకి హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ ఉంది, క్యాన్సర్‌కి అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. మీలాంటి కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ వెల్‌నెస్ సెంటర్ కూడా ఉంది. డెబ్బై నిండాక దాని బదులు ఆయుష్మాన్ భారత్ ఎంచుకుంటే ఏడాదికి అయిదు లక్షల దాకా కవర్ అవుతుంది. అరుదైన జబ్బులకి హైదరాబాద్ పంపడం ఇప్పటికీ ఉంది, దాచడం దేనికి.

నేను చెప్పేది వేరే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ వాస్తు చూస్తారు, కప్‌బోర్డులు చూస్తారు. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో ఎవరూ చూడరు. ఈ ఊళ్లో పాత అపార్ట్‌మెంట్లలో చాలా లిఫ్టులు నలుగురు నిలబడితే నిండిపోయేవే. నాలుగో అంతస్తు నుంచి పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పంచెతో నడుముకి కట్టి, వాచ్‌మన్, అంబులెన్స్ కుర్రాడు, పక్కింటి స్టూడెంటు మెట్ల మీదుగా దింపుకుని తెస్తారు. మలుపు మలుపుకీ కుర్చీ గోడకి తగులుతుంది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. అందులో కొంత ఆ మెట్ల మీదే పోతుంది.

ఇంకోటి, విశాఖ అంటే కొండలు. పెదవాల్తేరులో, సీతమ్మధారలో కొన్ని వీధులు ఎంత ఏటవాలుగా ఉంటాయంటే ఆటోవాళ్లే లోపలికి రామంటారు. ఇవాళ మోకాళ్లు బాగానే ఉంటాయి.

రైతుబజార్ పిన్ని

అందరూ ఆయనకే సలహాలిస్తున్నారు. ఆవిడ ఏమందో ఎవరైనా పట్టించుకున్నారా?

చోడవరం అన్నయ్య గారూ, మీకు విశాఖ అంటే యూనివర్సిటీ, స్నేహితులు, జ్ఞాపకాలు. ఆవిడకి అక్కడ ఏముంది? కూకట్‌పల్లిలో ముప్పై ఏళ్లలో ఆవిడ ఒక ప్రపంచం కట్టుకుని ఉంటారు. పాలవాడు, పనమ్మాయి, టైలరు, విష్ణు సహస్రనామం బ్యాచ్, నలతగా ఉంటే రసం చేసి పంపే పక్కింటావిడ. మీరు ఆఫీసుకి వెళ్లిపోయినన్నేళ్లూ ఆవిడ బతికింది వాళ్లతోనే. ఇప్పుడు మీరు ఖాళీ అయ్యారు కాబట్టి ఆవిడ వాళ్లందర్నీ వదిలి రావాలన్నమాట.

ఇంకో మాట, పెద్దదాన్ని కాబట్టి అనేస్తున్నా, ఏమనుకోకండి. మన ఇళ్లల్లో సాధారణంగా ముందు వెళ్లిపోయేది మగవాళ్లు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉండాల్సింది ఆవిడ. కారు నడపడం రాని ఒంటరి ఆడమనిషి ఎండాడలో కొండ కింద గేటెడ్ కమ్యూనిటీలో ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. మా వారు పోయాక నేను ఎంవీపీ కాలనీలో ఒక్కదాన్నే ఉంటున్నాను. రైతుబజార్‌కి నడిచి వెళతా, బ్యాంకుకి నడిచి వెళతా, గుడికి నడిచి వెళతా. మా పాత ఇంట్లో సముద్రం కనిపించేది, ఇక్కడ కనిపించదు. ఫర్వాలేదు.

అందుకే ఏ ఊరు అన్నది తర్వాత. ఇంటి నుంచి మందులషాపు, కూరగాయలు, గుడి, బస్‌స్టాపు ఇవి కాలినడకన అందుతాయా అన్నది ముందు చూసుకోండి. అందితే విశాఖైనా ఒకటే, కూకట్‌పల్లైనా ఒకటే.

డాలస్ కొడుకు

పిన్ని గారి మాటే నాదీ. మా అమ్మానాన్న మధురవాడలో ఉన్నారు. వేసవిలో వాళ్ల అపార్ట్‌మెంట్‌కి నీళ్ల ట్యాంకర్ రాకపోతే నాకు డాలస్‌లో టెన్షన్. ఇక్కణ్నుంచి నేను హైదరాబాద్‌లో దిగి, మళ్లీ ఇంకో ఫ్లైటో రైలో ఎక్కాలి. నేవీ వాళ్ల పాత ఎయిర్‌పోర్టు ఊళ్లోనే. కొత్త ఎయిర్‌పోర్టు ఉన్న భోగాపురం వెళ్లాలంటే ఊరు దాటి విజయనగరం జిల్లాలోకి నలభై కిలోమీటర్లకు పైగా. మీ అమ్మాయిని కూడా అడగండి అంకుల్.

ఉక్కునగరం రిటైర్డ్

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. మాలాంటివాళ్లకి ఈపీఎస్-95, అంటే పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్. 15,000 జీతం పరిమితి మీద లెక్క కట్టడం వల్ల ఎంత సర్వీసు చేసినా నెలకి 7,500 దగ్గర ఆగుతుంది. మీది ప్రభుత్వ పెన్షన్, అదృష్టవంతులు. మీరు ఏడాది ఆగగలరు.

కూకట్‌పల్లి ఫ్లాట్ ఇప్పుడే అమ్మకండి, అద్దెకివ్వండి. ఆ అద్దెతో ఇక్కడ అద్దెకి దిగండి. ఒక మే నెల, ఒక తుఫాను సీజన్ గడిచాక ఉండాలనిపిస్తే అప్పుడు అమ్మండి. అమ్మిన రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొంటే లాభం మీద పన్ను మినహాయింపు ఉంది కాబట్టి కంగారు లేదు. రిటర్న్ వేసే గడువులోగా ఇల్లు కొనడం కుదరకపోతే ఆ లాభాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వెయ్యాలి, మామూలు ఎఫ్‌డీలో కాదు. ఇల్లు కొనకుండా అద్దెకే ఉండిపోవాలనుకుంటే, పన్ను పోగా మిగిలిన దాంట్లో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో, ఇద్దరికీ అరవై నిండాక, చెరో 30 లక్షలు వేసుకోవచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన ఇద్దరికీ కలిపి మూడు నెలలకోసారి 1,23,000 వస్తుంది. మంచి అపార్ట్‌మెంట్ అద్దె కట్టి, ఇంకా మిగులుతుంది.

లాసన్స్ బే వాకర్

అద్దె ఇంట్లో ముసలితనం ఏమిటండీ? యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియదు. ఆ వయసులో సామాన్లు మోసుకుంటూ తిరగాలా?

ఉక్కునగరం రిటైర్డ్

ఏడాది ఆగమన్నాను, జన్మంతా కాదు. స్కీము మాట కొనొద్దనుకునేవాళ్లకి.

చోడవరం కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. పిన్ని గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మొత్తం విని "ఆవిడ ఫోన్ నంబరు ఉంటే కనుక్కోండి" అంది, అంతే. తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకున్నాం.

కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మడం లేదు. మధురవాడ ఆలోచన వదిలేశాను. ఎంవీపీలోనో అక్కయ్యపాలెంలోనో చదునుగా ఉన్న వీధిలో, మొదటి అంతస్తు దాటకుండా ఏడాది అద్దెకి చూస్తున్నాం. నచ్చకపోతే వెనక్కి వెళ్లిపోదామన్న షరతు మీద ఆవిడ ఒప్పుకుంది. చలికాలంలో వచ్చి చూస్తే ఏ ఊరైనా బాగానే ఉంటుంది కాబట్టి మే నెలలోనే దిగుదామనుకుంటున్నాం.

దస్తావేజు

మే నెలలో అద్దెలు దిగవండి. స్కూళ్లు తెరిచే ముందు అందరూ ఇళ్లు మారతారు, ఓనర్లు పట్టుమీద ఉంటారు. ఆషాఢంలో చూడండి, ఇల్లు మారేవాళ్లుండరు, బేరం కుదురుతుంది. ఉక్కపోత కూడా మిగిలే ఉంటుంది, దాని గురించి బెంగ పడక్కర్లేదు.

చోడవరం కుర్రాడు

ఆషాఢంలో పాలు పొంగించడానికి మా ఆవిడ ఒప్పుకోదు సార్. మే నెల అద్దే కడతాను.