ఫైబర్ నుంచి చిప్‌లోకి వెళ్లి వచ్చేసరికి 14 డీబీ (డెసిబెల్) కాంతి పోతోంది, ఎక్కడ పోతోంది?

వెలుగుబాట:
అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం సిలికాన్ ఫోటోనిక్ చిప్ (కాంతిని నడిపించే చిప్) టెస్ట్ చేస్తున్నాను. సిలికాన్ మందం 220 నానోమీటర్లు, లోపలికీ బయటికీ గ్రేటింగ్ కప్లర్లు (ఫైబర్‌కీ చిప్‌కీ మధ్య కాంతిని చిప్ పైనుంచి మళ్లించే గాళ్ల వరుసలు), మధ్యలో 2 మిల్లీమీటర్ల వేవ్‌గైడ్ (కాంతి నడిచే సన్నని దారి). లేజర్ 1550 నానోమీటర్ల దగ్గర పెట్టి, ఫైబర్‌ని 10 డిగ్రీలు వంచి, గంటల తరబడి అలైన్ చేసినా మొత్తం నష్టం 14 డీబీ కంటే తగ్గట్లేదు. సిమ్యులేషన్‌లో ఒక్కో కప్లర్‌కి 4 వచ్చింది. ఇంకోటి, బల్ల మీద ఉన్న ఫైబర్‌కి చెయ్యి తగిలినా మీటర్‌లో అంకె మారిపోతోంది. వచ్చే నెలే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. ఎడ్జ్ కప్లర్‌కి (చిప్ పక్క అంచు నుంచి కాంతిని ఎక్కించేదానికి) మారిపోమంటారా?

పాతకాపు:
ఇప్పుడే మారొద్దు తమ్ముడూ. ఫైబర్ కొస కదలకుండానే రీడింగ్ మారుతోందంటే అది పోలరైజేషన్ (కాంతి కంపించే దిశ) గొడవ. మీ గ్రేటింగ్ టీఈ కాంతినే (చిప్ తలానికి సమాంతరంగా కంపించేదాన్నే) సరిగా తీసుకుంటుంది, మామూలు ఫైబర్ వంగిన ప్రతిసారీ ఆ దిశని తిప్పేస్తుంది. ముందు పోలరైజేషన్ కంట్రోలర్ (ఆ దిశని సరిచేసే పరికరం) ప్యాడిల్స్ ఒక్కొక్కటీ తిప్పుతూ పవర్ గరిష్ఠానికి తెచ్చి, ఫైబర్‌ని బల్లకి టేపు వేసేయ్. తర్వాత లేజర్ తరంగదైర్ఘ్యాన్ని 1500 నుంచి 1580 నానోమీటర్ల దాకా మారుస్తూ స్వీప్ చెయ్. గ్రేటింగ్ గాడి లోతు 70 అనుకున్నది కొన్ని నానోమీటర్లు ఎక్కువ పడినా శిఖరం (ఎక్కువ కాంతి వెళ్లే తరంగదైర్ఘ్యం) కిందికి జరిగిపోతుంది, నువ్వేమో 1550 దగ్గరే కూర్చుని ఫైబర్‌ని జరుపుతూ ఉంటావు.

గాజుదారం:
ఎడ్జ్ కప్లర్‌తో ఒక్కో వైపు నష్టం 1-2 డీబీకి తేవచ్చు, నిజమే. వేవ్‌గైడ్ కొసని 150 నానోమీటర్ల దాకా సన్నం చేస్తే కాంతి అందులో ఇమడలేక చుట్టూ పరుచుకుంటుంది, అప్పుడు లెన్స్‌డ్ ఫైబర్ (కొసన లెన్స్ ఉన్న ఫైబర్) ఇచ్చే 2-3 మైక్రాన్ల చుక్కతో కలుస్తుంది. కానీ అర మైక్రాన్ పక్కకి జరిగితే చాలు నష్టం కనబడుతుంది, పైగా చిప్ అంచు నున్నగా ఉండాలి. గ్రేటింగ్ ఒకటి రెండు మైక్రాన్లు ఓర్చుకుంటుంది. నెలలో రివ్యూ అంటే గ్రేటింగే నయం. అయితే ఈ డిజైన్‌లో కాంతిలో పెద్ద వాటా కింద సబ్‌స్ట్రేట్‌లోకి (చిప్ అడుగు భాగంలోకి) పోతుంది, దాన్ని ఎంత అలైన్ చేసినా వెనక్కి తేలేరండీ. తర్వాతి చిప్‌లో అడుగున రిఫ్లెక్టర్ పెట్టించండి, గ్రేటింగ్ పళ్ల వెడల్పు క్రమంగా మారేలా గీయించండి.

వెలుగుబాట:
దొరికింది అన్నా! శిఖరం 1528 దగ్గర ఉంది. ప్యాడిల్స్‌తోనే 2 డీబీ తిరిగొచ్చింది, కోణం 10 నుంచి 7కి తగ్గిస్తే శిఖరం 1551కి వచ్చింది. ఇప్పుడు మొత్తం 9.4, అందులో వేవ్‌గైడ్ వాటా అర డీబీ ఉంటుందేమో. రేపు యూవీ జిగురుతో ఫైబర్‌ని అంటించేద్దామనుకుంటున్నా.

పాతకాపు:
ఆగు, 7 డిగ్రీల దగ్గర అంటించకు! ఆ కోణం గాలిలో కొలిచింది. జిగురు వక్రీభవన గుణకం దాదాపు 1.5, ఫైబర్ కొస నిటారుగా తెగి ఉంటే అదే కోణంలో శిఖరం మళ్లీ పాతిక నానోమీటర్ల పైనే కిందికి పోతుంది. జిగురులో 4.7 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, అది పచ్చిగా ఉండగానే ఇంకోసారి స్వీప్ చేసి సరిచూసుకో. యూవీ కూడా ఒకేసారి కొట్టకు, కొన్ని సెకన్లు కొట్టి మీటర్ చూడు, గట్టిపడేటప్పుడు అది కుంచించుకుని ఫైబర్‌ని లాగుతుంది.