అధికారులపై వేసిన పరిహార దావాను గడువు దాటిందని కొట్టివేయడం న్యాయమేనా?

చర్చకు పెట్టినవారు:
విధినిర్వహణలో జరిగిన ప్రతి లోపానికీ ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కవలసి వస్తే ఏ అధికారీ ధైర్యంగా పనిచేయలేడు. చట్టం ప్రకారం చేసిన పనిపై, లేదా చేయని పనిపై, పరిహారం కోరే దావాకు కాలపరిమితి చట్టంలోని 72వ అధికరణం ఒక్క సంవత్సరమే గడువు పెట్టింది అందుకే. అది దాటిన దావాలను మొదట్లోనే కొట్టివేయడం సబబని నా అభిప్రాయం.

మొదటి సమాధానం:
నిజాయితీగా పనిచేసే అధికారి విషయంలో మీ మాట కాదనను. కానీ కోయిలకుంట్ల సబ్ జైలు కేసు చూడండి. 1977 మే నెలలో ఒక తెల్లవారుజామున ప్రత్యర్థులు ఆ జైలుపై బాంబులు వేయగా లోపల ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. తమకు ప్రాణభయం ఉందని వారు ముందే చెప్పినా తగిన కాపలా పెట్టలేదు. కుటుంబం పది లక్షల రూపాయల పరిహారం కోరగా, కింది కోర్టు మీరన్న 72వ అధికరణాన్నే చూపి దావా కొట్టివేసింది. హైకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. తాళం వేసి లోపల ఉంచిన మనిషిని కాపాడకపోవడం చట్టాన్ని అమలు చేయడం ఎలా అవుతుంది? అందుకే ఆ అధికరణం వర్తించదని, మూడేళ్ల గడువున్న 113వ అధికరణమే వర్తిస్తుందని చెప్పి 1,44,000 రూపాయలు ఇప్పించింది. సార్వభౌమాధికారంతో చేసిన పనులకు ప్రభుత్వం పరిహారం ఇవ్వనక్కర్లేదన్న 1965 నాటి సుప్రీంకోర్టు కస్తూరీలాల్ తీర్పును ముందుకు తెచ్చినా, రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన ప్రాణహక్కు ముందు ఆ వాదన నిలవదని హైకోర్టు తేల్చింది. 2000లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. గడువు మాట దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ కుటుంబానికి ఒక్క రూపాయీ దక్కేది కాదు. నా దృష్టిలో అది ఘోరమైన అన్యాయం.

చర్చకు పెట్టినవారు:
నిర్బంధంలో ఉన్నవారి సంగతి వేరని ఒప్పుకుంటాను, ఎందుకంటే వారు తమను తాము కాపాడుకోలేరు. అయితే ఆ సొమ్ము ప్రజల ఖజానా నుంచి వచ్చిందే తప్ప కాపలా పెట్టనివారి జీతం నుంచి కాదు కదా?

మొదటి సమాధానం:
ఆ లోటు వాస్తవమే, దానికి మందు దావాను కొట్టివేయడం మాత్రం కాదు. 1993లో పోలీసు నిర్బంధంలో జరిగిన మరణానికి సంబంధించిన నీలబతి బెహరా కేసులో ఒరిస్సా ప్రభుత్వం చేత మృతుడి తల్లికి పరిహారం ఇప్పించిన సుప్రీంకోర్టు, బాధ్యులైన వ్యక్తులపై ప్రభుత్వం తగిన చర్య తీసుకునే దారిని తెరిచే ఉంచింది. ముందు బాధితుడికి చెల్లించాలి, ఆ తర్వాత తప్పు చేసిన అధికారి నుంచి రాబట్టుకోవాలి. ప్రభుత్వాలు ఈ రెండో పని చేయకపోవడం గురించే మనం గట్టిగా అడగాలి.