డీజిల్ కారుకి ఆటో కట్ అయ్యాక ఇంకా పోయించుకోవాలా, వద్దా?

కృష్ణలంక_కుర్రోడు:
మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ సూర్యాపేట దాటాక ఒక బంకులో ఆగి ఫుల్ ట్యాంక్ చెప్పాను. 3,847 దగ్గర గన్ టక్కున ఆగింది. "3,900 చేసేస్తా సార్" అన్నాడు కుర్రాడు. సరే అన్నాను. రెండోసారి నొక్కాడో లేదో, నురగ పొంగి డోర్ పక్కనుంచి టైరు మీదికి, అక్కడి నుంచి నా చెప్పుల మీదికి. గన్ బయటికి తీసేటప్పుడు మూతి పైకి పట్టకుండా లాగాడు, బంపర్ మీద ఇంకో ధార. వాసన పడక అమ్మ కోదాడ దాకా అద్దం దించుకునే కూర్చుంది. పెట్రోల్ కారు ఉన్నన్నాళ్లూ నాకీ గోల తెలీదు. మీరంతా ఏం చేస్తున్నారు? చెప్పుల వాసన పోయే దారి కూడా చెప్పండి.

ఇన్నోవా_బాబాయ్:
పోయించుకోవాల్సిందే. డీజిల్‌కి నురగ ఎక్కువ. గన్ మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుంటే గన్ ఆగిపోతుంది. నూనె తగిలినా అంతే, నురగ తగిలినా అంతే. అంటే మొదటి కట్ నురగకి పడ్డది, ట్యాంక్ నిండినందుకు కాదు. ఒక నిమిషం ఆగితే నురగ కూర్చుంటుంది, ఇంకో లీటరో రెండో పడుతుంది. నేను 2016 నుంచి ట్యాంక్ టు ట్యాంక్ మైలేజ్, అంటే ఒకసారి ఫుల్ చేసి మళ్లీ ఫుల్ చేసేదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగాను, ఎన్ని లీటర్లు పట్టింది అన్న లెక్క, నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మొదటి కట్‌కే ఆపితే నా లెక్క తేలదు.

స్కూటీ_సుందరి:
నా కారు మాన్యువల్‌లో అయితే మొదటి కట్‌కే ఆపమని ఉంది.

రౌండ్_ఫిగర్_రావు:
ఫోన్‌తో పైసల దాకా కట్టే రోజులొచ్చినా మనకి ఈ రౌండ్ ఫిగర్ పిచ్చి పోలేదు. నాదీ అదే జబ్బు, పేరు చూశారుగా.

తెనాలి_టైర్లు:
బాబాయ్, ప్రతిసారీ మొదటి కట్‌కే ఆపితే లెక్క సరిపోతుందిగా? రెండుసార్లూ ఒకే గీత దగ్గర ఆగినట్టే.

ఇన్నోవా_బాబాయ్:
సరిపోదు. ఒక బంకులో మెల్లగా పోస్తారు, నురగ తక్కువ. ఇంకో చోట వరదలా వదులుతారు, నురగ ఎక్కువ. గీత ఎక్కడ ఒకటైంది? పైదాకా నింపితేనే అసలు లెక్క. ఇన్నేళ్ల నోట్‌బుక్ ఉంది, ఫొటో పెట్టమంటే పెడతా.

స్కూటీ_సుందరి:
మీ నోట్‌బుక్ సంగతి సరే. కారిపోయిన డీజిల్ పెట్రోల్‌లా ఆవిరైపోదండీ, నేల మీదే ఉంటుంది. పోయిన వానాకాలం బంకులోంచి బయటికి తిరుగుతుంటే ఆ జిడ్డు మీద నా బండి జారింది. మోచేతికి నాలుగు కుట్లు. మీ చివరి లీటరు నా మోచేతి మీద పడింది.

ఇన్నోవా_బాబాయ్:
నేనెప్పుడూ కింద పోయించలేదమ్మా. పోసేవాడికి పని రాకపోతే నేనేం చెయ్యను?

పదేళ్లు_బంకులో:
ఇప్పటిదాకా ఊరుకున్నాను. ఒంగోలు వైపు హైవే బంకులో పదేళ్లు పనిచేశాను. నురగ రాకుండా పోయడం మాకు తెలీదనుకోకండి. గన్ సగం నొక్కి పోస్తే చాలా తగ్గుతుంది. కానీ వెనక ఆరు బళ్లు హారన్ కొడుతుంటే సగం నొక్కనిచ్చేదెవరు? పైగా హైవే మీద కొన్ని గన్‌లు లారీల కోసం పెట్టినవి, జోరు ఎక్కువ. కారుకి దాంతో పోస్తే పొంగక ఏమవుతుంది?

కృష్ణలంక_కుర్రోడు:
అన్నా, అదంతా ఒప్పుకుంటా. కానీ నేల మీద పోయిన డీజిల్‌కి కూడా మీటరు తిరిగింది, డబ్బు కట్టింది నేను. 3,900 చేద్దామన్నది కూడా మీవాడే, నేను కాదు.

ఇన్నోవా_బాబాయ్:
అదీ పాయింట్. అసలు కొలతే అనుమానం. ఒకచోట ఐదు లీటర్ల పాత్ర తెచ్చి కొలవమంటే, తాళం ఓనర్ దగ్గరుందన్నారు. ఆ పాత్ర ప్రతి బంకులో ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి. జీరో చూసుకోమని అరిచేది ఇంకెక్కడో చెయ్యి ఆడించడానికే.

పదేళ్లు_బంకులో:
తాళం ఓనర్ దగ్గరుంటే ఓనర్‌ని అడగండి సార్. గన్ పట్టుకున్నవాణ్ణి దొంగ అనడమెందుకు? రౌండ్ ఎందుకు చేస్తామో చెప్తా వినండి. 3,847 అయితే నాలుగు వేలివ్వరు, 3,800 చేతిలో పెట్టి "చిల్లర లేదు, ఈసారి చూద్దాం" అని అద్దం ఎక్కించేస్తారు. డ్యూటీ దిగేటప్పుడు మీటరు రీడింగ్‌కీ చేతిలో డబ్బుకీ తేడా వస్తే, మా బంకులో జీతంలో పట్టుకునేవాళ్లు. ఆ 47 నాది. ఒక నెల పదకొండు వందలు పోయింది నాకు. అందుకే గన్ ఆగినా ఇంకో రెండు నొక్కులు నొక్కి వందకి తెస్తాం. మీ చెప్పులు ఒక్క ఆదివారం తడిశాయి. నా అరిచేతులు పదేళ్లు పగిలాయి. అన్నం కలిపితే అన్నానికీ అదే వాసన.

రౌండ్_ఫిగర్_రావు:
ఈ లెక్క నాకు ఇన్నాళ్లూ తెలీదు.

లీసెస్టర్_నుంచి:
యూకేలో మేమే పోసుకుంటాం. డీజిల్ పంపు పక్కన ప్లాస్టిక్ చేతి తొడుగులు పెడతారు. సగం రోజులు ఖాళీ డబ్బానే ఉంటుందనుకోండి.

పదేళ్లు_బంకులో:
మాకు ఖాళీ డబ్బా కూడా లేదు.

కృష్ణలంక_కుర్రోడు:
అన్నా, మొదటి పోస్టులో ఒకటి రాయలేదు. ఆ కుర్రాడు తన భుజం మీది గుడ్డ తీసి నా కాళ్లు తుడవబోయాడు. నేను గుడ్డ లాక్కుని అమ్మ ముందే "కళ్లు కనపడవా" అని అరిచాను. విజయవాడ దాకా అమ్మ నాతో మాట్లాడలేదు. వాసన వల్లే అనుకున్నా. బహుశా కాదేమో. అయినా పోసేవాడు చూసుకుని పొయ్యాలి అన్నదాంట్లో నేను మారను.

పదేళ్లు_బంకులో:
మారొద్దు. ఈసారి గన్ ఆగగానే "చాలు" అనండి, 3,847 ఫోన్‌లో కొట్టండి. వాడు ఇంకో నొక్కు నొక్కితే అప్పుడు నన్ను తిట్టండి.

ఇన్నోవా_బాబాయ్:
అలా చేస్తే మైలేజ్ లెక్క తేలదని పైనే చెప్పాను.

తెనాలి_టైర్లు:
ఇంతకీ చెప్పులు తోలువా, రబ్బరువా?