కొత్త ప్లాంట్‌లో జీఆర్ (సరుకు అందినట్టు ఎంట్రీ) పడట్లేదు, ఓబీవైసీలో (ఏ సరుకు విలువ ఏ ఖాతాలో పడాలో చెప్పే సెట్టింగ్) ఎంట్రీ మాత్రం ఉంది

రాత్రిడ్యూటీ:
ఎస్ఏపీ ఎంఎం (కంపెనీల సరుకుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్) సపోర్ట్‌లో రెండేళ్లుగా ఉన్నాను. క్లయింట్‌కి ఈ సోమవారమే కొత్త ప్లాంట్ 1250 లైవ్ అయింది. సాయంత్రం మొదటి లోడు దిగింది, స్టీల్ కాయిల్స్. స్టోర్స్ ఆయన మిగోలో (సరుకు ఎంట్రీ స్క్రీన్) 101 (సరుకు రాక కోడ్) కొడితే ఎం8 147 ఎర్రర్: "అకౌంట్ డిటర్మినేషన్ ఫర్ ఎంట్రీ సీఏఐఎన్ బీఎస్ఎక్స్ ____ ___ 3000 నాట్ పాసిబుల్". అంటే సరుకు విలువ ఏ ఖాతాలో వేయాలో సిస్టమ్‌కి దొరకలేదని.

ఓబీవైసీ తెరిచి చూస్తే బీఎస్ఎక్స్‌లో (స్టాక్ ఖాతాకి కీ) 0001, 3000కి జీఎల్ (ఖాతా నంబరు) శుభ్రంగా ఉంది. ఎస్ఈ16ఎన్‌లో (టేబుళ్లు చూసే స్క్రీన్) ఆ సెట్టింగ్ ఉండే టేబుల్ టీ030 చూసినా అదే లైను. క్వాలిటీలో (టెస్టింగ్ సిస్టమ్) ఇదే ప్లాంట్, ఇదే మెటీరియల్, జీఆర్ హాయిగా పడింది. ఇక్కడేమో జీఆర్ స్లిప్ లేనిదే సెక్యూరిటీ వాళ్లు బండిని బయటికి వదలరట. పావుగంటకోసారి ఫోన్: "బాబూ, ఏమైంది?" నా కంటికి కనిపిస్తున్న ఎంట్రీ సిస్టమ్‌కి ఎందుకు కనిపించట్లేదు?

కోనసీమ_కుర్రోడు:
ఎంఎం03లో (మెటీరియల్ వివరాల స్క్రీన్) అకౌంటింగ్ 1 వ్యూ చూశావా బ్రో? మేం ఓసారి ముడిసరుక్కి వాల్యుయేషన్ క్లాస్ 3000 బదులు 7920 (తయారైన సరుకుది) పెట్టేసి రోజంతా తిరిగాం. మరీ అర్జెంట్ అయితే ఎస్ఈ16ఎన్‌లో ఎడిట్ మోడ్ ఆన్ చేసి టేబుల్లోనే లైన్ కొట్టెయ్.

ఎంఎం_అక్క:
ఆ రెండో సలహా విన్నావో, నీ యూజర్ ఐడీతో సహా ఎస్ఈ16ఎన్_సీడీ_కీ టేబుల్లో రికార్డయి కూర్చుంటుంది. ఆడిటర్ వచ్చిన రోజు ఆ కుర్రోడు నీ పక్కన ఉండడు.

తమ్ముడూ, నువ్వు ఎర్రర్ పైపైన చదివావు. అందులో ఐదు గళ్లున్నాయి: చార్ట్ ఆఫ్ అకౌంట్స్ (ఖాతాల పట్టిక), ట్రాన్సాక్షన్ కీ, వాల్యుయేషన్ గ్రూపింగ్ కోడ్ (ప్లాంట్ల గుంపు కోడ్), అకౌంట్ మాడిఫైయర్, వాల్యుయేషన్ క్లాస్ (సరుకు రకం). గీతలున్నాయంటే ఆ గడి ఖాళీ అని. నాలుగోది బీఎస్ఎక్స్‌కి ఎప్పుడూ ఖాళీయే, దాన్ని వదిలెయ్. మూడోది చూడు. నువ్వు 0001తో ఉన్న లైన్ చూసి "ఉంది కదా" అంటున్నావు. సిస్టమ్ వెతుకుతున్నది ఖాళీ కోడ్‌తో ఉన్న లైను. అది నిజంగానే లేదు.

ఆ కోడ్ వచ్చేది టీ030 నుంచి కాదు, ప్లాంట్ల టేబుల్ టీ001కే నుంచి. బీడబ్ల్యూకీ (ప్లాంట్ గడి) దగ్గర 1250 ఇచ్చి బీడబ్ల్యూఎంఓడీ (ఆ కోడ్ గడి) కాలమ్ చూడు. ప్రొడక్షన్‌లో (నిజంగా పని నడిచే సిస్టమ్) ఖాళీగా ఉంటుందని నా పందెం. అదే అయితే డెవలప్‌మెంట్‌లో ఓఎండబ్ల్యూడీకి (ప్లాంట్‌కి ఆ కోడ్ ఇచ్చే స్క్రీన్) వెళ్లి 0001 తగిలించి, ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్‌లో (మార్పుల్ని ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మోసేది) పెట్టి పంపు.

ఓబీవైసీలో ఖాళీ కోడ్‌తో ఇంకో లైన్ వేసే పని మాత్రం పెట్టుకోకు. ఈ రాత్రికి బండి కదులుతుంది కానీ, రేపు ఇంకో ప్లాంట్‌కి కోడ్ ఇవ్వడం మర్చిపోతే ఎర్రరే రాదు, సరుకు చడీచప్పుడు లేకుండా ఆ జీఎల్‌లో పడుతుంది. నెలాఖర్లో ఫైనాన్స్ వాళ్లు తల పట్టుకుంటారు. అన్నట్టు, ఆ ప్లాంట్‌లో ఇంకా స్టాక్ పడలేదు కదా? పడ్డాక కోడ్ మారిస్తే పాత బ్యాలెన్స్ పాత జీఎల్‌లోనే ఉండిపోతుంది.

రాత్రిడ్యూటీ:
పందెం మీదే అక్కా. ప్రొడక్షన్‌లో ఖాళీ, క్వాలిటీలో 0001. టెస్టింగ్ అప్పుడు క్వాలిటీలో మార్పుల లాక్ తీసి ఎవరో నేరుగా అక్కడే కొట్టేశారు, రిక్వెస్ట్ లేదు. ఆ గీతల్ని నేను ప్రింటింగ్ తేడా అనుకున్నా, సిగ్గేస్తోంది. స్టాక్ ఏమీ పడలేదు. అప్రూవల్ వచ్చేసరికి పదకొండున్నర, ట్రాన్స్‌పోర్ట్ వెళ్లాక ఆయన మిగో మూసి మళ్లీ తెరిస్తే 101 పడింది. డ్రైవర్ అప్పటికే క్యాబిన్‌లో పడుకుండిపోయాడట, లేపి పంపారు.

ఎంఎం_అక్క:
మంచిది. రేపు ఫ్యాక్టరీలో తయారీ ఆర్డర్‌కి 261 (సరుకు వాడకం కోడ్) కొడతారుగా, అప్పుడు జీబీబీ కీ, వీబీఆర్ మాడిఫైయర్ అడుగుతుంది. అమ్మకానికి 601 కొడితే వీఏఎక్స్ మాడిఫైయర్. పొద్దున వాళ్లు ఫోన్ చేయకముందే ఓఎండబ్ల్యూబీలో (ఖాతాలు ముందే సరిచూసే స్క్రీన్) 1250కి సిమ్యులేషన్ వేసి చూసుకో.

రాత్రిడ్యూటీ:
ఇప్పుడే వేశా. 261కి జీఎల్ వస్తోంది. 601కి 7920 దగ్గర వీఏఎక్స్ ఖాళీ. అది నిజంగానే ఓబీవైసీలో లేదు. ఇంకో రిక్వెస్ట్ పెడుతున్నా.